కాటమయ్య సినిమాలో ఎవరూ చావరు

జమ్మలమడుగులో కాటమయ్య కేబుల్ ఉన్న ఇళ్లలో పదకొండేళ్లుగా ఏ సినిమాలోనూ ఎవరూ చావలేదు. హీరో చావలేదు, హీరోయిన్ చావలేదు, హీరో వాళ్ల ముసలి నాయన కూడా చావలేదు. విలన్లు సైతం నిండు ఆరోగ్యంతో బతికారు. మిగతా ఛానళ్లలో ఎన్ని ప్రాణాలు పోయినా కాటమయ్యకు సంబంధం లేదు. తన సొంత లోకల్ ఛానల్‌లో, రోజూ సాయంత్రం ఆరున్నరకు వేసే సినిమాలో మాత్రం ఒక్క ప్రాణం పోవడానికి వీల్లేదు.

ఇదెలా సాధ్యమంటే, కత్తెరతో. కాటమయ్య వాళ్లది గొర్రెలు మేపే కుటుంబం. ఇరవై ఏళ్లు దాటేదాకా అతను గొర్రెల బొచ్చు కత్తిరించాడు. తర్వాత ఊళ్లోకి వచ్చి కేబుల్ వైర్లు లాగి, మూడు వీధులతో మొదలుపెట్టి పదహారు వీధులకు ఎదిగాడు. కానీ చేతిలో కత్తెర మాత్రం కింద పెట్టలేదు. పొద్దున్నే ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని ఆ రోజు వేయబోయే సినిమా చూసేవాడు. కథకు మబ్బు పడుతోందని అనుమానం రాగానే ఆపేసేవాడు. అక్కడి నుంచి కాస్త వెనక్కి వెళ్లి, అందరూ నవ్వుతూ ఉన్న చోటు వెతికి చటుక్కున కోసేవాడు. ఊరికే కోస్తే సినిమా అయిపోయినట్టు ఉండదు కదా, అందుకని ఫస్టాఫ్‌లోంచి ఒక పెళ్లిపాటో జాతరపాటో తెచ్చి చివర అతికించి, "శుభం" అని తనే వేసేవాడు. మబ్బు తర్వాత ఏముందో చూసేవాడే కాదు.

నాగలత ఆ ఆఫీసులో ఫోన్లు ఎత్తే పనికి చేరింది. అంతకుముందు ఏడేళ్లు ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడిలో చీరలు చూపించింది. పెళ్లయ్యాక భర్తకు చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో పని, కాపురం జమ్మలమడుగులో. రోజూ బస్సులో పోయి రావడం కష్టమని ఊళ్లోనే పని చూసుకుంది. చీర నచ్చక ఇరవై సార్లు విప్పించిన వాళ్లతో కూడా నవ్వుతూ మాట్లాడిన మనిషికి కేబుల్ ఫోన్లు ఒక లెక్కా అనుకుంది. మొదటి రోజు రాత్రి తొమ్మిది కాకముందే ఫోను మోగింది.

"హలో, కాటమయ్య కేబుల్."

"నేను వనజమ్మను. హైస్కూల్లో తెలుగు టీచరుగా రిటైరైనా. నువ్వెవురు?"

"నాగలత. ఈ పొద్దే చేరినా మేడం."

"అట్లయితే నువ్వన్నా చెప్పు. హీరో రైలెక్కినాడు. హీరోయిన్ చెయ్యి ఊపింది. రైలు వంతెన మీదికొచ్చింది. వంతెన కింద విలను బాంబు పట్టుకోని నిలబడుకోని ఉండాడు. ఇంతలోకే పెండ్లిపాటొచ్చింది, శుభం అని పడింది. ఏమాయ ఆ రైలు?"

నాగలత ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టింది. "అన్నా, రైలు ఏమాయని అడుగుతాండారు."

కాటమయ్య వైరు చుట్టుకుంటూ తల ఎత్తకుండా చెప్పాడు. "టైముకు చేరిందని చెప్పు."

"టైముకు చేరిందంట మేడం."

"మరి బాంబు?"

"అన్నా, బాంబు?"

"తడిసిపోయిందని చెప్పు. ఏట్లో నీళ్లుండాయి గదా."

"తడిసిపోయిందంట మేడం."

"సరే. రైలెక్కేటప్పుడు హీరోకు ఇంత మీసముండె. పెండ్లిలో లేదే?"

నాగలత మళ్లీ కాటమయ్య వైపు చూసింది. అతను ఈసారి కాస్త ఆలోచించాడు.

"పెండ్లికని గీకినాడని చెప్పు."

పదిహేను రోజులు తిరిగేసరికి నాగలతకు కాటమయ్యను అడగాల్సిన పని లేకపోయింది. "ఆపరేషన్ సక్సెసైంది మేడం." "లారీకి బ్రేకులు పడినాయప్పా." "విలను మారిపోయినాడవ్వా, ఇప్పుడు వ్యవసాయం చేసుకుంటాండాడు." ఇలా ఊళ్లో ఎంతమంది ప్రాణాలు కాపాడిందో ఆమెకే తెలీదు.

అసలు మబ్బు పడుతోందని ముందే ఎలా తెలుస్తుందని ఒకరోజు అడిగింది. కాటమయ్య కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ఈ విషయం ఎవరైనా అడుగుతారేమోనని అతను ఏళ్ల తరబడి కాచుకుని ఉన్నాడు.

"సినిమాలు ఎన్ని రకాలైనా కానీమ్మా, ఫస్టాఫ్ అంతా సంబరమే. ఇంటర్వెల్ కాడ ఒక ముడి పడుతాది. సెకండాఫ్‌లో ఆ ముడి ఇప్పాల. ఇప్పడం చేతగాకుంటే డైరెక్టరు ఎవర్నో ఒకర్ని సంపుతాడు. ఎవర్ని సంపుతాడో ముందే గుర్తులు జెప్తాడు. మనం కనిపెట్టుకోని ఉండాల. మొదటిది దగ్గు. సినిమాలో ఎవురూ ఊరికే దగ్గరు. దగ్గినారంటే పోతారు. రెండోది, వచ్చే నెల రిటైరవుతాండా అని చెప్పే పోలీసాయన. ఆయన రిటైర్ కాడు. మూడోది, మిలటరీ ఆయప్ప పెండ్లాం ఫోటో తీసి పక్కోనికి చూపిస్తే ఆ ఫోటోనే మిగుల్తాది. నాలుగోది, ఊరంతా ఒకే మనిషిని పనిగట్టుకోని పొగుడుతాంటే ఆ మనిషికి మూడినట్టే."

గుర్తులు బాగానే ఉన్నాయి కానీ, చివరిదాకా చూడడు కాబట్టి కాటమయ్య అప్పుడప్పుడు పొరబడేవాడు. ఒకసారి పొట్టచెక్కలయ్యే కామెడీ సినిమా తెచ్చాడు. మొదలైన ఇరవై నిమిషాలకు అందులో తాతయ్య దగ్గాడు. అంతే, కత్తెర పడింది. తాతయ్యకు ఉత్త జలుబు. తర్వాత రెండు గంటల సినిమాలో ఆయనే అందరికంటే ఎక్కువ నవ్విస్తాడు. ఆ సంగతి జమ్మలమడుగుకు తెలియకుండానే పోయింది.

దయ్యాల సినిమాతో ఇంకో చిక్కు. దయ్యం కావాలంటే ముందు ఎవరో ఒకరు చచ్చి ఉండాలి. కాటమయ్య రెండు రోజులు తల పట్టుకుని కూర్చున్నాడు. చివరికి ఫ్లాష్‌బ్యాక్ మొత్తం పీకేశాడు. దాంతో ఆ దయ్యం, నిద్రపట్టక తెల్లచీర కట్టుకుని జుట్టు విరబోసుకుని తిరిగే ఒక మామూలు ఆడమనిషి అయిపోయింది. సినిమా అయ్యాక ఒక ముసలామె ఫోన్ చేసి, "పాపం, ఆ పాపకు పడుకునే ముందర రోంత వేడిపాలు ఇయ్యమని చెప్పు" అంది.

ఫ్యాక్షన్ సినిమా సంగతి ఇంకా గొప్పది. మన సీమ మీద తీసిన సినిమా అని ఊరంతా ఎదురుచూసింది. నరుక్కోవడాలు, సుమోలు పేలడాలు తీసేస్తే మిగిలింది నలభై నిమిషాలు. అందులో రెండు కుటుంబాల పెద్దమనుషులు తిరునాళ్లలో ఒకరినొకరు గుడ్లురిమి చూసుకుంటారు. తర్వాత ఒక పెళ్లిలో కలుస్తారు. పక్కపక్కన కూర్చుని భోంచేస్తారు. శుభం. ఆ రోజు ఆఫీసుకు వచ్చిన ఫోన్లలో ఒక్క తిట్టు లేదు. "ఇన్నేండ్లకు మన ఊర్ల గురించి నిజం సినిమా తీసినారప్పా" అని మైలవరం నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒకాయన పనిగట్టుకుని ఫోన్ చేశాడు.

ఇంతవరకూ అందరూ నవ్వుకునే వ్యవహారమే. చిక్కంతా వనజమ్మ చెల్లెలి కూతురు ఉమాదేవి పెళ్లిచూపుల్లో వచ్చింది.

అబ్బాయి ప్రతాప్. పులివెందుల. అరటి తోటలున్నాయి, మంచి కుటుంబం. పెద్దవాళ్లు వానల గురించి మాట్లాడుకుంటూ ఉంటే, పిల్లలిద్దర్నీ వరండాలో కాసేపు మాట్లాడుకోమన్నారు. నీకే సినిమా ఇష్టమని ప్రతాప్ అడిగాడు. ఇద్దరన్నదమ్ముల కథ ఒకటి ఉమాదేవి చెప్పింది. ప్రతాప్ మొహం వెలిగిపోయింది.

"నాకూ అదే ఇష్టం. కడాన అన్న సచ్చిపోయేటప్పుడు నాకు ఏడుపు ఆగలేదు."

"అన్న సచ్చిపోడు గదా" అంది ఉమాదేవి. "అందరూ కూర్చోని పాయసం తాగుతారు."

"సచ్చిపోతాడు. తమ్ముని వొడిలోనే."

"లేదండీ. పాయసం తాగినాక పాట గూడా ఉండాది."

మాట లోపలికి పాకింది. వనజమ్మ చెల్లెలి కూతురి పక్షం తీసుకుంది. "నేను ఈ రెండు కండ్లతో చూసినా. అన్న బాగుండాడు."

అబ్బాయి మేనమామకు రోషం వచ్చింది. "మావోడు అబద్ధం చెప్తాండాడంటారా? మేము థేటర్లో మూడుసార్లు చూసినాం. మూడుసార్లూ సచ్చిపోయినాడు!"

"నేను ముప్పై రెండేండ్లు పాఠం చెప్పినదాన్ని. కథ అర్థం కాదా నాకు?"

"ఒక సినిమా కాడనే మమ్మల్ని ఇట్ల దబాయిస్తాండారు. రేపు సంసారంలో ఎట్లుంటాదో!"

కాఫీలు ముట్టుకోకుండా లేచి వెళ్లిపోయారు. ప్రతాప్ ఒక్కడే గేటు దాటేలోపు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

మర్నాడు వనజమ్మ బస్సెక్కి ప్రొద్దుటూరు వెళ్లింది. ఆ సినిమా డీవీడీ కొని, అక్కడే చుట్టాలింట్లో కూర్చుని చివరిదాకా చూసింది. తమ్ముడి ఒడిలో అన్న చచ్చిపోయాడు. ఆ పక్క రోజే ఆమె కాటమయ్య ఆఫీసు మెట్లెక్కింది. చేతిలో ఒక కాగితం. దాని మీద తొంభై ఇళ్లవాళ్ల సంతకాలు.

"కాటమయ్యా, నువ్వు శానా మంచోడివే. కరెంటు పోయినా, వానొచ్చినా స్తంభాలెక్కి మాకు టీవీ చూపించినావు. కానీ నీ కత్తిరి మా పిల్ల పెండ్లి దాకా వచ్చింది. సోమవారం నుంచి సినిమాలు మొత్తంగా ఎయ్యాల. లేదంటే మేమంతా ప్రొద్దుటూరు కంపెనీ బాక్సులు పెట్టిచ్చుకుంటాం."

"టీచరమ్మా, ఆ అన్న బతికుంటే నీకేమి నష్టం?"

"నాకేమీ నష్టం లేదు. కథకు నష్టం. ఆ అన్న సచ్చిపోతేనే తమ్మునికి బుద్ధొస్తాది. నువ్వు అన్నను బతికిచ్చి తమ్మున్ని ఎదవను జేసి పెట్టినావు!"

ఇది న్యాయమైన మాట. వనజమ్మ వెళ్లిపోయాక కాటమయ్య ఆ కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టాడు.

"పోతే పోనీలేమ్మా" అన్నాడు.

నాగలత నిర్ఘాంతపోయింది. ఒక్క ఇంట్లో బొమ్మ గీతలు గీతలుగా వస్తోందంటే అన్నం ముందు నుంచి లేచిపోయే మనిషి, తొంభై ఇళ్లు పోతే పోనీ అంటున్నాడు. బట్టల అంగడిలో ఏడేళ్లు పనిచేసింది కాబట్టి, మనిషి ఒక మాట పైకి అంటూ ఇంకో మాట లోపల దాచుకుంటే ఆమెకు ఇట్టే తెలిసిపోతుంది.

"అన్నా, అసలు ఎందుకు కోస్తాండావు? నిజం చెప్పు."

కాటమయ్య గోడ వైపు చూశాడు. ఆఫీసు గది నిజానికి మాబున్ని ఇంటి ముందు గది. అద్దెకిచ్చింది. ఆ గోడకు అవతల డెబ్భై ఏళ్ల మాబున్ని ఒక్కతే ఉంటుంది. కాటమయ్య గొంతు తగ్గించాడు.

"పెద్దమ్మకు వినబడకూడదు. నేను ఊర్లోకి వచ్చిన కొత్తలో మూడేండ్లు నాకు రెండు పూటలా రొట్టెలు చేసి పెట్టింది పెద్దమ్మ. పదకొండేండ్ల కిందట మన ఛానల్లో ఒక సినిమా ఏసినా. దాంట్లో ఒక తల్లి రైలు స్టేషన్లో కొడుకు కోసరం కాచుకోని కాచుకోని, వాడు వచ్చేలోపల... అదేలే. అది చూస్తాంటే పెద్దమ్మ గుండె పట్టుకోని కూలబడిపాయ. ఆటోలో ఆస్పత్రికి ఎత్తకపోయినా. పెద్దామె, జాగ్రత్తగా చూసుకోమని డాక్టరు నాకు గట్టిగా చెప్పినాడు. ఇంగ ఏడుపు సినిమా ఎట్ల ఏస్తా?"

"ఈ మాట ఊర్లో చెప్తే అందరూ అర్థం చేసుకుంటారు గదన్నా."

"చెప్తే ఏమైతాది? 'నీ ఒక్కదాని గుండె కోసరం ఊరందరికీ కథ లేకుండా పాయ' అని వచ్చినోళ్లూ పోయినోళ్లూ పెద్దమ్మను అంటారు. నన్నంటే నాకేమి, నవ్వుకుంటా పోతా. నువ్వు గూడా ఎవురికీ చెప్పగాకు."

నాగలత చెప్పనని మాటిచ్చింది. కానీ మాబున్నిని అడగడమంటే చెప్పడం కాదు కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. కాటమయ్య మర్నాడు స్తంభాల మీద ఉన్న సమయం చూసుకుని వెనక గుమ్మం నుంచి మాబున్ని ఇంట్లోకి వెళ్లింది. ఆమె మంచం మీద కూర్చుని తమలపాకుకు సున్నం రాసుకుంటోంది.

"అవ్వా, నీ గుండె ఎట్లుండాది?"

"నా గుండెకేమి? రాయి మాదిరుండాది."

"పదకొండేండ్ల కిందట నొప్పొచ్చిందంట గదా, సినిమా చూస్తా."

మాబున్ని ఆకు పక్కన పెట్టి నాగలత మొహంలోకి చూసింది. తర్వాత లేచి వెళ్లి ముందు గది వైపు తలుపు మూసి వచ్చింది.

"వాడు చెప్పినాడా? ఆ పొద్దు బోటికూర జేసినా. రెండు జొన్నరొట్టెలు ఎక్కువ తిన్న్యా. గ్యాసు పట్టుకుండె. డాక్టరు ఒక మాత్రిచ్చినాడు, ఇంత పొడుగు తేపు వచ్చింది, అయిపాయ."

"గ్యాసా! మరి అన్నకు చెప్పలేదా?"

"చెబ్దామనే బయటికొచ్చినా. వాడు బెంచీ మీద కూర్చోని ఎక్కెక్కి ఏడుస్తాండాడు. నా కోసరం అనుకున్న్యా. భుజం మీద చెయ్యేస్తే, 'ఆమె స్టేషన్లోనే కూర్చోని పోయింది పెద్దమ్మా, కొడుకు మొగం గూడా చూడలేదు పెద్దమ్మా' అంటాండాడు. వాళ్లమ్మ నాగులమ్మ పోయినప్పుడు వాడు గొర్రెల్ని తోలుకోని యాడనో దూరం పోయినాడు. వచ్చేలోపల అంతా అయిపాయ. ఆ సినిమా వానికి తగులుకున్న్యాది. నాకు గాదు."

నాగలత మంచం అంచున కూర్చుంది.

"మగోడు గదమ్మా, నాకు ఏడుపొస్తాది అని నలుగుర్లో చెప్పుకోలేడు. పెద్దమ్మ గుండెకు జబ్బు అని మనసులో అనుకోని కోసుకుంటాండాడు. ఆ పొద్దు నుంచి నా గుండెకు జబ్బొచ్చింది. వానిది బాగైందాకా నాది బాగుగాదు."

"అయితే నువ్వు పదకొండేండ్ల నుంచి ఆ కోసిన సినిమాలే చూస్తాండావా అవ్వా?"

మాబున్ని పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆపుకోలేక మంచం పట్టె పట్టుకుంది.

"నేను ఈ ఊరి థేటర్లో ఆడోళ్ల గేటు కాడ ఇరవై రెండేండ్లు టికెట్లు చించినదాన్నమ్మా. పాత సినిమాల్లో ఎవురు యాడ సచ్చారో నాకు తెల్దా? మావోడు ఎట్ల అతికిస్తాడా అని చూస్తా. మొన్న పెండ్లికొడుకును తెచ్చి వాళ్ల నాయన పెండ్లిలో కూర్చోబెట్టినాడు! ఎంత నవ్వుకున్న్యానో! కానీ..." నవ్వు ఆపి ఒక నిట్టూర్పు విడిచింది. "ఎప్పుడన్నా ఒకసారి కడదాకా చూసి, బాగా ఏడ్సాలని ఉంటాదమ్మా. ఏడ్సి శానా దినాలాయ."

నాగలత ఇల్లు చేరేసరికి ఆమె దగ్గర రెండు రహస్యాలున్నాయి. ఒకరిది ఒకరికి చెప్పకూడదు. రెండూ ఊరికి అసలు చెప్పకూడదు. సోమవారానికి ఇంకా మూడు రోజులే ఉంది. చీరల అంగడిలో అత్తకు ఒక రంగు, కోడలికి ఇంకో రంగు నచ్చితే ఇద్దరికీ రెండు చీరలు అమ్మి పంపేది నాగలత. ఇక్కడా అదే చేయాలనుకుంది.

ఆదివారం పొద్దున వనజమ్మ జవాబు కోసం వచ్చింది. కాటమయ్య తల వంచుకుని కూర్చున్నాడు. నాగలతే మాట్లాడింది.

"మేడం, సాయంత్రం సినిమా అన్న కోసినట్టే వస్తాది. శుభం పడినాక కింద అక్షరాలు వస్తాయి: 'మిగతా కథ కావలసినవారు రేపు మధ్యాహ్నం రెండు గంటలకు చూడగలరు' అని. రెండు గంటలకు కోసిన కాడ్నుంచి కడదాకా ఏస్తాం. నవ్వాలనుకున్నోళ్లు సాయంత్రం చూసి పండుకుంటారు. ఏడ్సాలనుకున్నోళ్లు మధ్యాహ్నం చూసి ఏడుస్తారు."

వనజమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "పూర్వార్ధం, ఉత్తరార్ధం అన్నమాట. బాగుండాది. మరి ఈయప్ప ఒప్పుకుంటాడా?"

కాటమయ్య అప్పటికే గోడ వైపు చూస్తూ నాగలతకు సైగలు చేస్తున్నాడు. ఆమె అతన్ని గుమ్మం దగ్గరికి తీసుకుపోయి గొంతు తగ్గించింది.

"అన్నా, అవ్వ రెండింటికి అన్నం తిని పడుకుంటాది. నేను అడిగి తెలుసుకున్న్యా. నాలుగింటి దాకా లెయ్యదంట. టీవీ ముట్టదంట."

జీవితంలో ఆమె చెప్పిన అబద్ధాల్లో అంత సాఫీగా వచ్చింది ఇంకొకటి లేదు.

కాటమయ్య గోడ వైపు ఇంకోసారి చూశాడు. "అయితే సరే. కానీ బటన్ నువ్వే నొక్కాల. ఆ టైముకు నాకు లైన్ల మీద పనుంటాది."

"రోజూ రెండింటికేనా?"

"రోజూ రెండింటికే. శానా పనుంటాది."

సోమవారం మధ్యాహ్నం రెండు గంటలకు జమ్మలమడుగు వీధులు ఖాళీ అయిపోయాయి. మొదటి రోజు అన్నదమ్ముల సినిమానే వేశారు. మూడు గంటలకు ఫోను మోగింది. అవతల వనజమ్మ ముక్కు చీదుతోంది.

"నాగలతా, ఈడ మా ఇంట్లో పదైదు మంది ఉండాం. అందరం శానా బాగా ఏడ్సినాం. కాటమయ్యకు చెప్పు."

అంతటితో ఆగలేదు ఆమె. న్యాయంగల మనిషి కాబట్టి ఆ సాయంత్రమే పులివెందులకు ఫోన్ చేసి, అన్న చచ్చిపోయాడని, తనదే పొరబాటని ఒప్పుకుంది. మేనమామ వెంటనే మెత్తబడ్డాడు. ఫోను పక్కనుంచి ప్రతాప్ మాట వినిపించింది. "ఆ పాయసం తాగే సినిమా యాడ దొరుకుతాదో ఒకసారి అడుగు మామా." రెండు వారాల తర్వాత వాళ్లు మళ్లీ వచ్చి, ఈసారి కాఫీలు తాగి, సంబంధం ఖాయం చేసుకుని వెళ్లారు. సంతకాల కాగితాన్ని వనజమ్మ స్వయంగా అడిగి తీసుకుని చించేసింది.

కాటమయ్య మాత్రం రోజూ రెండు కొట్టగానే నిచ్చెన భుజాన వేసుకుని మాయమయ్యేవాడు. ఊరి చివర, టీవీ శబ్దం వినిపించని చోట, ఏ లోపమూ లేని స్తంభం ఒకటి ఎక్కి కూర్చునేవాడు. మూడున్నరకు దిగివచ్చేవాడు.

ఇలా ఒక నెల గడిచాక, ఒకరోజు మైలవరం చేపలు వచ్చాయని కొని, మాబున్నికి ఇద్దామని దారి మళ్లి మూడు గంటలకే వచ్చాడు. పెద్దమ్మ నిద్ర చెడినా చేపలు చెడకూడదని తలుపు తట్టాడు. లోపల ఏదో హడావుడి అయింది. తలుపు తీసిన మాబున్ని కళ్లు మందారాల్లా ఉన్నాయి. వెనక టీవీలో ఎవరో వంట నూనె గురించి చెబుతున్నారు.

"ఏంది పెద్దమ్మా, కండ్లట్లుండాయి?"

"ఎర్రగడ్డలు తరిగినా నాయనా" అంది మాబున్ని. నోటికి ఉల్లిపాయలే వచ్చాయి.

కాటమయ్య మర్నాడు కూడా మనసాగక వచ్చి చూశాడు. మళ్లీ అవే కళ్లు, మళ్లీ అవే ఎర్రగడ్డలు. అతను దిగులుగా ఆఫీసుకు వచ్చాడు.

"నాగలతా, పెద్దమ్మకు ఎర్రగడ్డల ఘాటు పడటం లేదు. ఈ వయసులో గుండెకు మంచిది గాదు. రేపట్నుంచి నేనే పోయి తరిగి ఇస్తా. స్తంభం పని తర్వాత చూసుకుంటాలే."

మరుసటి రోజు రెండు గంటలకు నాగలత బటన్ నొక్కింది. కత్తిపీట తీసుకుని గోడ అవతలికి వెళ్లిన కాటమయ్య ఎంతకీ రాలేదు. రెండు ఇరవైకి ఆఫీసు ఫోను మోగింది. అవతల ఎవరో గుసగుసగా మాట్లాడుతున్నారు.

"నాగలతా, నేనే, మాబున్నిని. వెనక గుమ్మం కాడ్నుంచి మాట్లాడుతాండా. వీడు నా టీవీ ఎదురుంగ బాసింపట్టు ఏసుకోని ఎర్రగడ్డలు తరుగుతాండాడు. కేజీన్నర అయిపాయ, లేసే మాదిరి లేడు. ఆడ నా హీరోయిన్ ఆస్పత్రి మెట్లెక్కుతాంటాది ఈ పాటికి! యాడన్నా లైను పోయిందని పిల్చు తల్లీ, నీకు పుణ్యముంటాది!"

నాగలత ఫోను పెట్టేసి గోడ దగ్గరికి పరుగెత్తి, గట్టిగా అరిచింది.

"అన్నా! ఊరి బయట స్తంభం కాడ లైను పోయిందంట! బిన్నా, ఇప్పుడే పోవాలంట!"

అవతల కత్తిపీట ఆగింది. చెప్పుల చప్పుడు వీధిలోకి వెళ్లింది. నిచ్చెన భుజానికెత్తుకుని, కళ్ల నిండా నీళ్లు కార్చుకుంటూ, కాటమయ్య ఆఫీసు ముందు ఒక్క క్షణం ఆగాడు.

"చూసినావా నాగలతా" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఎంత ఘాటుండాయో! పాపం, పెద్దమ్మ ఇన్ని దినాలు ఎట్ల తట్టుకున్న్యాదో ఏమో!"

అతను మలుపు తిరిగాడో లేదో, గోడ అవతల టీవీ శబ్దం పెరిగింది. ఆ సాయంత్రం మాబున్ని ఇంటి నుంచి ఆఫీసుకు ఒక పెద్ద పళ్లెం వచ్చింది. కేజీన్నర ఎర్రగడ్డల పకోడీలు, ఇంకా వేడిగా ఉన్నాయి.